విలియం మహోన్ అనే దక్షిణాది జనరల్‌కి రిచ్‌మండ్‌లో విగ్రహం ఎందుకు లేదు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? మైకు కాస్త గోల చేస్తోంది, సర్దుకుందాం.

రిచ్‌మండ్ చుట్టుపక్కల ఉంటున్నవాళ్ళకి మాన్యుమెంట్ అవెన్యూ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున నడిచినవాళ్ళ విగ్రహాలు 1890లో జనరల్ లీతో మొదలై, స్టువర్ట్, డేవిస్, జాక్సన్ అంటూ ఆ రోడ్డు పొడుగునా లేచాయి, 2020లో కొన్ని, 2021లో లీది దిగిపోయాయి. పెట్టడం తప్పా, తీయడం తప్పా అని మనవాళ్ళు కూడా వాట్సాప్ గ్రూపుల్లో కావలసినంత కొట్టుకున్నారు. నాకు మాత్రం ఆ రోడ్డు మీద ఏనాడూ విగ్రహం లేని ఒక జనరల్ మీద ఆసక్తి. లీ సైన్యంలో ఆఖరి రోజు దాకా, అంటే 1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో లొంగిపోయేదాకా ఉన్నవాడు, యుద్ధం చివరి ఏడాదిలో దక్షిణాదికి దక్కిన అతి కొద్ది విజయాల్లో ఒకటి తెచ్చిపెట్టినవాడు. ఐనా సరే, యుద్ధం అయిన ఇరవై ఏళ్ళకి వర్జీనియాలో పెద్దకుటుంబాల ఇళ్ళల్లో ఆయన పేరెత్తడమే తప్పయిపోయింది. పేరు విలియం మహోన్.

ముందు మనిషి ఎలా ఉండేవాడో చెప్తాను. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలో, ఇంకో అంగుళమో. బరువు యాభై కేజీలకి కాస్త అటూ ఇటూ. గడ్డం మాత్రం ఛాతీ మీదికి వేలాడేది, గొంతు కీచుగొంతు. కడుపు జబ్బు మనిషి, ఏదీ అరిగేది కాదు, అందుకని పాలకీ గుడ్లకీ ఇబ్బంది లేకుండా యుద్ధరంగంలో కూడా ఒక ఆవునీ కొన్ని కోళ్ళనీ వెంట తిప్పుకునేవాడని చెప్పుకుంటారు. 1862లో రెండో మనాసస్ యుద్ధంలో గాయం తగిలితే, కంగారేం లేదమ్మా, కండకి తగిలిన దెబ్బే అని భార్య ఒటీలియాకి కబురు చెప్పారట. ఆవిడ ఇంకా కంగారుపడి, ఐతే ప్రమాదమే, ఆయనకి అసలు కండెక్కడుంది అందట. నిజమో కాదో గానీ, ఫొటో చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

పుట్టింది 1826లో, వర్జీనియా దక్షిణం మూల సౌతాంప్టన్ కౌంటీలో. ఈ కౌంటీ పేరు ఎక్కడో విన్నట్టుందా? 1831లో నాట్ టర్నర్ అనే బానిస తిరుగుబాటు లేవదీసింది అక్కడే. అప్పటికి మన పిల్లాడికి నాలుగేళ్ళు. టర్నర్‌ని ఉరితీసిన ఊళ్ళోనే తర్వాత మహోన్ తండ్రి పూటకూళ్ళ సత్రం నడిపాడు. వీళ్ళు వేల ఎకరాల జమీందార్లేం కాదు, జూదగాళ్ళూ గుర్రాల వ్యాపారులూ వచ్చిపోయే సత్రం వాళ్ళు. వర్జీనియా పెద్దమనుషులు ఆయన్ని ఎప్పుడూ తమవాడిగా లెక్కేసుకోకపోవడానికి ఇది ఒక కారణం అని నా అభిప్రాయం. అలాగని చేతికి మట్టి అంటనివాడనీ కాదు, పెద్దయ్యాక ఆయనా బానిసల్ని ఉంచుకున్నాడు.

లెక్సింగ్టన్ మిలిటరీ కాలేజీలో 1847లో చదువు పూర్తిచేసి రైల్వే ఇంజనీరయ్యాడు. నార్ఫోక్ నుంచి పీటర్స్‌బర్గ్ లైను ఆయన వేసిందే. మధ్యలో డిస్మల్ స్వాంప్ అనే పెద్ద చిత్తడి నేల, ఎంత మట్టి పోసినా కిందికి దిగిపోయేది. మహోన్ ఏం చేశాడంటే చెట్ల దుంగల్ని అడ్డంగా పేర్చి, నీళ్ళల్లో మునిగే ఉండేట్టు పరిచి, దాని మీద కట్ట పోశాడు. నీళ్ళల్లో మునిగున్న దుంగకి గాలి తగలదు కాబట్టి కుళ్ళదు. ఆ కట్ట మీద ఈరోజుకీ బొగ్గు రైళ్ళు నడుస్తున్నాయి. 460 రోడ్డు మీద నార్ఫోక్ వైపు వెళ్ళినవాళ్ళు గమనించే ఉంటారు, రోడ్డు పక్కనే పట్టా తాడు గీసినట్టు తిన్నగా పోతుంది, వేవర్లీ, వేక్‌ఫీల్డ్, ఐవర్, విండ్సర్ అని స్టేషన్లు. వేక్‌ఫీల్డ్‌లో వేరుశెనక్కాయలు కొనుక్కోకుండా రాకండి, ఇది ఉపన్యాసంలో భాగం కాదు.

ఇక యుద్ధం. నాలుగేళ్ళూ చెప్పను, ఒక్క ఉదయం చెప్తాను. 1864 జులై 30.

అప్పటికి ఉత్తరాది సేనాని గ్రాంట్ సైన్యం పీటర్స్‌బర్గ్‌ని చుట్టేసి కూర్చుంది, రెండువైపులా కందకాలు. పెన్సిల్వేనియా రెజిమెంట్ ఒకదాంట్లో బొగ్గుగని కూలీలు ఉన్నారు, వాళ్ళు తమ కందకం నుంచి శత్రువు కందకం కిందిదాకా 511 అడుగుల సొరంగం తవ్వారు. చివర నాలుగు టన్నుల మందుగుండు పెట్టారు. తెల్లవారుజామున 4:44కి పేల్చారు. నిద్రలో ఉన్న దక్షిణాది సైనికులు 278 మంది అక్కడికక్కడే పోయారు, 170 అడుగుల పొడవు, 30 అడుగుల లోతు గొయ్యి పడింది. లైనులో అంత పెద్ద గండి. అక్కడితో పీటర్స్‌బర్గ్ పడిపోవాలి, ఆ వెనకే దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ కూడా.

పడలేదు. ఎందుకంటే ముందు దూకడానికి నల్లజాతి సైనికుల డివిజన్‌కి ప్రత్యేకంగా తర్ఫీదు ఇచ్చి, ముందురోజు పైఅధికారులు ఆలోచన మార్చుకున్నారు. దాడి బెడిసికొడితే నల్లవాళ్ళని కావాలని బలిపెట్టారంటారని భయం. మిగతా డివిజన్ల మధ్య చీటీలు వేస్తే లెడ్లీ అనే ఆయనకి వచ్చింది, ఆయన తన మనుషుల్ని ముందుకి తోసి తను వెనక బంకర్లో రమ్ము తాగుతూ కూర్చున్నాడు. ఏం చెయ్యాలో చెప్పేవాడు లేక సైనికులు గొయ్యి చుట్టూ వెళ్ళాల్సింది పోయి గొయ్యిలోకే దిగారు. వెనకవాళ్ళూ దిగారు. మెత్తటి మట్టి గోడలు, ఎక్కుదామంటే జారిపోతాయి.

మహోన్ అప్పుడు కాస్త దూరంగా ఇంకోచోట లైను కాపలాలో ఉన్నాడు. తన సైనికుల్ని ఒక్కొక్కరినీ నెమ్మదిగా వెనక్కి జారిపొమ్మన్నాడు, ఎదుటివాడికి ఇక్కడ ఖాళీ అవుతోందని తెలియకుండా. అలా రెండు బ్రిగేడ్లని లోయలోంచి నడిపించుకొచ్చి గొయ్యి దగ్గర ఎదురుదాడి చేశాడు. మధ్యాహ్నానికల్లా పోయిన లైనంతా తిరిగొచ్చింది. ఉత్తరాది వైపు చనిపోయినవాళ్ళూ, గాయపడ్డవాళ్ళూ, దొరికిపోయినవాళ్ళూ కలిపి దాదాపు 3,800. మహోన్‌కి మేజర్ జనరల్ పదవి వచ్చింది, పత్రికలన్నీ ఆకాశానికెత్తాయి.

ఇక్కడ ఆగాలి. నల్లజాతి సైనికుల్ని చివర్లో దింపారు కదా, వాళ్ళల్లో ఆయుధాలు పడేసి చేతులెత్తినవాళ్ళని కూడా మహోన్ మనుషులు చంపేశారు. ఉత్తరాదివాళ్ళ ప్రచారం అందామంటే, చంపినవైపు సైనికులే ఇళ్ళకి రాసుకున్న ఉత్తరాల్లో ఉంది ఈ సంగతి. ఆ రోజు అక్కడ సేనాని ఈయనే. ఇప్పుడు ఇది చెప్పకుండా తర్వాతి కథ చెప్తే మహోన్ పేద నల్లవాళ్ళ పాలిటి దేవుడిలా కనిపిస్తాడు, అది అబద్ధం.

యుద్ధం అయిపోయింది. ఓడిపోయిన చాలామంది జనరళ్ళు జ్ఞాపకాలు రాసుకుంటూ కూర్చుంటే ఈయన వెంటనే రైళ్ళ దగ్గరికి పోయాడు. మూడు కంపెనీలని కలిపి నార్ఫోక్ నుంచి టెనెసీ సరిహద్దులో బ్రిస్టల్ దాకా 400 మైళ్ళ లైను చేసి, 1870లో అట్లాంటిక్, మిసిసిపి అండ్ ఒహాయో అని పేరు పెట్టాడు. దాని పొడి అక్షరాలు ఏ, ఎం, ఓ చూసి జనం ‘ఆల్ మైన్ అండ్ ఒటీలియాస్’ అని వేళాకోళం చేసేవారు, అంతా నాదీ నా పెళ్ళానిదీ అని. 1873 ఆర్థిక సంక్షోభంలో అది వడ్డీలు కట్టలేక చతికిలపడింది, 1876లో కోర్టు చేతికి, 1881లో ఫిలడెల్ఫియా వాళ్ళ చేతికి పోయింది. నార్ఫోక్ అండ్ వెస్టర్న్ అయింది. చేతిలో రైలు లేని మహోన్ పూర్తిగా రాజకీయంలో దిగాడు. 1877లో డెమోక్రాట్ల తరఫున గవర్నర్ టికెట్ అడిగితే ఇవ్వలేదు.

సరిగ్గా అప్పుడే రాష్ట్రం అప్పు కింద నలిగిపోతోంది. యుద్ధానికి ముందు కాలవలకీ రోడ్లకీ రైళ్ళకీ అని వర్జీనియా సుమారు 3.3 కోట్ల డాలర్లు అప్పు చేసింది. యుద్ధంలో వడ్డీ కట్టలేదు, అది పెరిగి పెరిగి 1871కి 4.5 కోట్లయింది. ఈలోగా 1863లో పడమటి జిల్లాలు వెస్ట్ వర్జీనియాగా విడిపోయాయి. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పొలం తను పట్టుకుపోయి అప్పు పత్రాలు పెద్దవాడి గుమ్మంలో పడేసినట్టు, ఆ కొత్త రాష్ట్రం పైసా కట్టనంది. 1871లో వర్జీనియా అసెంబ్లీ ఏం చేసిందంటే, మూడోవంతు వెస్ట్ వర్జీనియా వాటా అని పక్కనపెట్టి, మిగతా అంతా ఆరు శాతం వడ్డీతో కడతాం అని చట్టం చేసింది. పైగా బాండ్లకి ఉన్న వడ్డీ కూపన్లతో పన్ను కట్టొచ్చు అంది.

ఆ కూపన్ల సంగతి కాస్త నిదానంగా చూడండి, అసలు మతలబు అక్కడే ఉంది. బాండ్లు ఎక్కువగా న్యూయార్కులో, లండన్లో ఉన్నాయి. వాళ్ళు కూపన్లు చింపి రిచ్‌మండ్ దళారులకి తగ్గింపు ధరకి అమ్ముతారు. ఇక్కడ పెద్ద పన్ను కట్టాల్సిన ఆసామి నోట్లు ఇవ్వకుండా చవగ్గా కొన్న కూపన్లు ఇస్తాడు. ఖజానాలో పన్ను వసూలైనట్టు లెక్క పడుతుంది, డబ్బు మాత్రం కనపడదు. మరి జీతాలు ఎవరివ్వాలి? బళ్ళు ఎలా నడవాలి? రాజ్యాంగం ప్రకారం బళ్ళకి పోవాల్సిన సొమ్ము కూడా వడ్డీలకే మళ్ళించేశారు. 1879కి వచ్చేసరికి సర్కారు బళ్ళల్లో సగానికి దగ్గరగా మూతపడ్డాయి. చదువుకునే తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిపి లక్ష మంది దాకా ఇళ్ళకి వచ్చేశారు. అప్పటి గవర్నర్ హాలిడే, యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న మనిషి, బళ్ళకి డబ్బివ్వమనే బిల్లుని వీటో చేస్తూ సర్కారు చదువు విలాసం, కావలసినవాళ్ళు కొనుక్కోవాలి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆయనలాంటి పెద్దమనుషులకి మాట ముఖ్యం, పరువు ముఖ్యం. పెద్దలు చేసిన అప్పు పైసాతో సహా తీర్చడం వర్జీనియా మర్యాద అన్నారు. మర్యాద వీళ్ళది, బడి మానేసింది ఎవడి పిల్లలో.

1879 ఫిబ్రవరిలో మహోన్ మనుషులు రిచ్‌మండ్‌లో సమావేశమై కొత్త పార్టీ పెట్టారు, రీఅడ్జస్టర్లు అని. అప్పుని సర్దుదాం, తగ్గిద్దాం, కట్టగలిగినంతే కడదాం, ముందు బళ్ళు తెరుద్దాం. అంతే కార్యక్రమం. కొండ జిల్లాల పేద తెల్ల రైతులు వచ్చారు. వాళ్ళొక్కళ్ళే చాలరని మహోన్‌కి లెక్క తెలుసు, ఇంజనీరు కదా. నల్లవాళ్ళ ఓట్లు కావాలి. వాళ్ళూ ఊరికే వేస్తామనలేదు. 1881 మార్చిలో పీటర్స్‌బర్గ్‌లోనే, ఆ గొయ్యి ఉన్న ఊళ్ళోనే, నల్లజాతి రిపబ్లికన్లు సభ పెట్టుకుని, తర్జనభర్జన పడి, రీఅడ్జస్టర్లతో కలుద్దాం అని తీర్మానించారు. పదిహేడేళ్ళ కింద తమవాళ్ళని ఎవరు చంపారో ఆ సభలో కూర్చున్నవాళ్ళకి తెలియకా? తెలుసు. ఐనా వాళ్ళ జాబితా వాళ్ళకుంది: ఓటెయ్యాలంటే కట్టాల్సిన తలపన్ను తీసెయ్యాలి, కొరడా దెబ్బల శిక్ష పోవాలి, మా బళ్ళల్లో మా టీచర్లు ఉండాలి, ఉద్యోగాలు కావాలి. వేలం పాటలా ఉందని మొహం చిట్లించేవాళ్ళుంటారు. నాకైతే ఆ సభలోవాళ్ళు రాజకీయం తెలిసినవాళ్ళు అనిపిస్తుంది.

ఆ ఏడాది చివర్లో పీటర్స్‌బర్గ్ మేయరు కామెరాన్ గవర్నరుగా గెలిచాడు. 1882లో రిడిల్‌బర్గర్ చట్టం వచ్చి అప్పుని 2.1 కోట్లకి దించేసింది, వడ్డీ మూడు శాతం. ఓటు హక్కుకి తలపన్ను షరతు రద్దు. కొరడా దెబ్బల స్తంభం రద్దు. బళ్ళు తెరుచుకున్నాయి. పీటర్స్‌బర్గ్ పక్కనే నల్ల టీచర్లని తయారుచేసే కాలేజీ పెట్టారు, ఇప్పుడు దాని పేరు వర్జీనియా స్టేట్ యూనివర్సిటీ. దానికిచ్చిన లక్ష డాలర్లు ఎక్కడివో తెలుసా? మహోన్ పోగొట్టుకున్న ఆ రైల్వేని అమ్మితే రాష్ట్రం వాటాకి వచ్చిన డబ్బులోంచి.

ఈలోగా మహోన్ వాషింగ్టన్ చేరాడు. 1881 మార్చిలో సెనేటులో రిపబ్లికన్లు 37, డెమోక్రాట్లు 37. ఇల్లినాయ్ నుంచి వచ్చిన డేవిస్ అనే ఇండిపెండెంటు డెమోక్రాట్ల వైపు మొగ్గాడు, మిగిలింది మహోన్ ఒక్కడు. మన రాజకీయాలు చూసినవాళ్ళకి ఆ టెన్షన్ ఏంటో నేను వర్ణించక్కర్లేదు. దక్షిణాది జనరల్ మనవైపు కాక ఎటు పోతాడు అని డెమోక్రాట్ల ధీమా. జార్జియా సెనేటర్ హిల్ లేచి, ఎవడో మన పార్టీ టికెట్ మీద గెలిచి అటు దూకుతాడంటున్నారు, వాడెవడు అని పేరు చెప్పకుండా ఎత్తిపొడిచాడు. మహోన్ లేచి, ఆ కీచుగొంతుతోనే, నేను మీవాళ్ళ ఓట్లతో రాలేదు, రీఅడ్జస్టర్‌గా వచ్చాను అని చెప్పి రిపబ్లికన్లతో ఓటేశాడు. టై అయితే ఉపాధ్యక్షుడు ఆర్థర్ ఓటు ఉంది కదా, సెనేటు చేయి మారింది. ఆయన బల్ల మీదికి వైట్‌హౌస్ నుంచి పూలబుట్ట వచ్చింది. దాంతోపాటు వ్యవసాయ కమిటీ అధ్యక్ష పదవి, వర్జీనియాలో పోస్టాఫీసులూ కస్టమ్స్ ఆఫీసులూ నార్ఫోక్ నౌకాశ్రయం ఉద్యోగాలూ ఎవరికి ఇవ్వాలో చెప్పే హక్కూ వచ్చాయి.

ఆ హక్కుని ఎలా వాడాడంటే, నిజం చెప్పాలి, బాసులా వాడాడు. తను ఇప్పించిన ఉద్యోగాల జీతాల్లోంచి పార్టీకి చందాలు వసూలు. పార్టీ మీటింగులో ఏది తీర్మానిస్తే దానికే ఓటేస్తానని ఎమ్మెల్యేల దగ్గర ముందే సంతకాలు. రాష్ట్ర సెనేటులో నలుగురు ఎదురుతిరిగితే వాళ్ళవల్ల చాలా బిల్లులు ఆగిపోయాయి. పార్టీ అంటే తను అనుకునే మనిషి, మనకి తెలియని జాతేం కాదు.

ఇక 1883. డెమోక్రాట్లు ఈసారి తెలివిగా అప్పు తగ్గింపుని మేమూ ఒప్పుకుంటున్నాం అనేశారు. అంటే మహోన్ వాదం ఒప్పేసుకుని వాదన లేకుండా చేశారు. ఇక మిగిలింది రంగు ఒక్కటే. డాన్‌విల్ ఊళ్ళో నల్లవాళ్ళు మున్సిపాలిటీలో, పోలీసులో ఉద్యోగాలు చేస్తున్నారు, మార్కెట్లో దుకాణాలు పెట్టారు. అది భరించలేక అక్కడి తెల్ల వ్యాపారులు ఒక కరపత్రం అచ్చేసి, నల్లవాళ్ళ పెత్తనంలో మేం బతకలేకపోతున్నాం అని రాష్ట్రమంతా పంచారు. నవంబర్ 3, శనివారం, వీధిలో ఒకడికి ఒకడు తగిలిన గొడవ కాల్పుల దాకా వెళ్ళింది. ఐదుగురు చనిపోయారు, నలుగురు నల్లవాళ్ళు. మంగళవారం ఎన్నికలు. నల్లవాళ్ళు తిరగబడ్డారట అని ఆదివారానికల్లా పుకారు కొండ జిల్లాల దాకా పాకింది, నాలుగేళ్ళు మహోన్‌కి ఓటేసిన తెల్ల రైతు అటు తిరిగిపోయాడు. అసెంబ్లీలో మూడింట రెండొంతులు డెమోక్రాట్లు. మరుసటి ఏడాది ఎన్నికల అధికారులంతా వాళ్ళ మనుషులే అయ్యేలా చట్టం మార్చుకున్నారు. మహోన్ 1887 దాకా సెనేటర్, 1889లో రిపబ్లికన్‌గా గవర్నర్‌కి పోటీచేసి ఓడిపోయాడు, 1895లో వాషింగ్టన్‌లో పోయాడు.

ఒక్క సంగతి మాత్రం వదల్లేను. నల్ల టీచర్ల కోసం పెట్టిన ఆ కాలేజీ మొదటి అధ్యక్షుడు లాంగ్‌స్టన్ అనే నల్లజాతి లాయరు. 1888లో ఆయన పీటర్స్‌బర్గ్ వైపు నుంచి కాంగ్రెసుకి రిపబ్లికన్ టికెట్ అడిగాడు. ఓటర్లలో నల్లవాళ్ళే ఎక్కువ. మహోన్ అడ్డంపడి, ఇంకో తెల్లవాడిని నిలబెట్టాడు. లాంగ్‌స్టన్ ఇండిపెండెంటుగా నిలబడి, ఓడిపోయావంటే పోట్లాడి, 1890 సెప్టెంబరులో సీటు సంపాదించాడు. వర్జీనియా నుంచి కాంగ్రెసుకి వెళ్ళిన మొదటి నల్లజాతి సభ్యుడు ఆయన. రెండో మనిషి గెలవడానికి 1992 దాకా పట్టింది. ఓట్లు మీవి, కుర్చీ మాది అన్నదే మహోన్ హద్దు. ఆ హద్దు దాటకుండానే ఆయన చేసినంతకూడా వర్జీనియా పెద్దమనుషులు క్షమించలేదంటే, అప్పటి కాలం ఎలాంటిదో చూడండి. 1902లో కొత్త రాజ్యాంగం తెచ్చి, జనం ఓటుకి పెట్టకుండానే అమలుచేసి, తలపన్ను మళ్ళీ పెట్టారు. నల్లవాళ్ళ ఓట్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, పేద తెల్లవాళ్ళవి కూడా చాలా పోయాయి. రాష్ట్ర ఎన్నికల్లో ఆ తలపన్ను 1966లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఉంది.

అడగండి, టైముంది.

ఆ పచ్చ చీరావిడ... అసలు ఎక్కడా గుర్తే లేదా అంటున్నారు. ఉందండీ. పీటర్స్‌బర్గ్‌లో ఆ గొయ్యి పక్కనే 1927లో ఒక రాతిస్తంభం పెట్టారు, దక్షిణాది సైనికుల కూతుళ్ళ సంఘం వాళ్ళు. గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క ఉదయాన్ని. బళ్ళూ, అప్పూ, ఓట్లూ వాళ్ళకి అక్కర్లేదు. సమాధి అదే ఊళ్ళో బ్లాండ్‌ఫర్డ్ శ్మశానంలో.

మనసు మారిందా, అవసరానికి చేశాడా? అవసరానికే అనుకుంటాను సార్. ఐతే లీ లాంటి పెద్దమనుషులకి ఆ అవసరం రాలేదు, వాళ్ళ వల్ల ఒక్క బడీ తెరుచుకోలేదు. నన్ను ఎంచుకోమంటే మహోన్‌నే ఎంచుకుంటాను, ఇష్టంగా మాత్రం కాదు.

ఆఖరిది, వెస్ట్ వర్జీనియా వాటా ఏమైంది అని. కోర్టుకెక్కారు. 1915లో సుప్రీంకోర్టు లెక్కతేల్చి 1.24 కోట్ల డాలర్లు కట్టమంది. ఆ కొత్త రాష్ట్రం ఏడుస్తూ మొదలుపెట్టి 1939లో చివరి కిస్తీ కట్టింది.